దోనె అంచున కొంగ

తాతారావు నోరు ఊరుకునే రకం కాదు. కోర్టు పనిమీద ఏలూరు వెళ్ళినవాడు ఆ పనేదో చూసుకుని రావచ్చు కదా, జమీందారుగారి పాత బంగళాలో కొత్తగా పెట్టిన మ్యూజియం కూడా చూసి వచ్చాడు. వచ్చి, జ్ఞానప్రసూనాంబగారి వీధరుగు మీద కూర్చున్నాడు.

"అక్కడ మన కొల్లేరు బొమ్మ ఒకటుందండీ. గాలివాన మర్నాడు ఎవరో డ్రాయింగు మాస్టరుగారు లాంచీలోంచి చూసి వేశారట. అందులో దోనె ఉంది, దోనెలో మనిషున్నాడు. గది చీకటి, నాకు సరిగా ఆనలేదు గానీ, ఎందుకో మన జోగారావు అనిపించిందండీ" అన్నాడు.

గుమ్మం లోపల కామేశ్వరి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. జోగారావు ఆమె భర్త, ముసలావిడ జ్ఞానప్రసూనాంబగారికి ఒక్కడే కొడుకు. నాలుగేళ్ళ కిందట గాలివాన మొదలైన సాయంత్రం, లంకలో ధాన్యం కుప్పలు ఏమయ్యాయోనని దోనె వేసుకుని వెళ్ళాడు. మనిషీ తిరిగి రాలేదు, దోనే దొరకలేదు. చావు కబురు తెలిస్తే తెలిసిననాడే శవానికి బదులు మోదుగాకుల బొమ్మకు దహనం చేసి కర్మ జరిపించాలి, తెలియకపోతే పన్నెండేళ్ళు ఎదురుచూడాలి అన్నాడు పురోహితుడు. అందాకా కామేశ్వరి బొట్టుకీ గాజులకీ ఢోకా లేదు. ఆ ఇంట్లో ఇద్దరాడవాళ్ళూ ఆ గడువును పట్టుకునే బతుకుతున్నారు.

మర్నాడే బండి కట్టించింది ముసలావిడ. కళ్ళకు శుక్లాలు ముదిరి ఆవిడకు వెలుగూ నీడా తప్ప మరేమీ కనిపించవు. కోడలి గాజుల చప్పుడే ఆవిడకి దారి. ఆ చప్పుడు వెంటే బంగళా మెట్లెక్కి, బొమ్మ ముందు నిలబడింది.

"పైనుంచి చెప్పుకుంటూ రా. ఏదీ వదలకు" అంది.

"ఆకాశమే సగానికి పైగా ఉందండీ. బూడిద రంగు. మబ్బులు విరిగినచోట సన్నగా పసుపు గీత. నీళ్ళకీ ఆ బూడిద రంగే వేశారు. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు."

"గాలివాన మర్నాడు అలాగే ఉంటుంది. తర్వాత?"

"కిక్కిసంతా ఒకవైపే ఒరిగిపోయిందండీ. ఆ గడ్డి వాలు వెంట చూస్తుంటే చూపు కింది మూలకి పోతోంది. ఆ మూలే తెల్లగా ఉంది, బొమ్మలో ఇంకెక్కడా తెలుపు లేదు. అక్కడ దోనె. దోనె అంచున కొంగ కూర్చుంది."

దోనెలో ఏముందో చూద్దామని కామేశ్వరి బాగా దగ్గరికి వెళ్ళింది. ఎండి గడ్డకట్టిన రంగు ముద్దలు తప్ప ఏమీ లేవు. ప్రాణం లేచివచ్చింది.

"దగ్గరికెళితే ముద్దలే కనిపిస్తాయమ్మా. వెనక్కి వచ్చి చూడండి" అన్నాడు కాపలా మనిషి.

వెనక్కి వచ్చింది. ముద్దలు మనిషైపోయాయి. దోనె ముక్కున, దసరాకి తను దిద్దిన సిందూరం. లోపల తెల్ల పంచెతో ఒక పక్కకి ఒరిగి, కుడిచెయ్యి చెంప కింద పెట్టుకుని, ఒక మోకాలు మడుచుకుని పడుకున్న మనిషి. మంచం మీద ఆ పడకను ఆమె ఎన్ని తెల్లవారుఝాముల్లో చూసిందని.

"మనిషున్నాడా?" అంది అత్తగారు.

"ఉన్నాడండీ. నిలబడి గెడ వేస్తున్నాడు. గడ్డం ముసలాయన. మనవాళ్ళెవరూ కాదు."

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. చేసిన పెళ్ళి నిలబెట్టుకోవడానికి ఒక్క అబద్ధం ఆడితే తప్పేమిటి? కామేశ్వరికి తప్పనిపించలేదు.

బండి వట్లూరు దాటాక ముసలావిడ అంది.

"దోనె అంచున కొంగ కూర్చుందన్నావు."

"అవునండీ."

"కొల్లేటి గట్టున పుట్టి పెరిగినదానివి, ఆ మాట ఎలా అన్నావమ్మా? గెడ వేస్తున్న మనిషి పక్కన కొంగ నిలుస్తుందా?"

కామేశ్వరి గాజులు మోగకుండా చేతులు ఒళ్ళో దాచుకుంది.

"పోనీ, ఎవరో పరాయివాడి శవమైతే అయ్యో పాపం అని చెప్పేదానివే. నాతో అబద్ధమాడే అవసరం నీకేముంది?"

ఆ క్షణాన అత్తగారి మీద ఆమెకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. కళ్ళు లేనిదానివి, తెలియకుండా ఉండలేకపోయావా అని అరవాలనిపించింది. అరవలేదు. ఏడుపు వచ్చింది, దాన్ని ఆపుకోనూ లేదు.

"పడుకుని ఉన్నారండీ. కుడిచెయ్యి చెంప కింద పెట్టుకుని."

"ఒక మోకాలు మడిచి" అంది ముసలావిడ. "ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ అంతే."

ఎద్దుల మెడగంటలు మోగుతుండగా ముసలావిడే మళ్ళీ అంది.

"నీళ్ళలో పోయినవాడికి నాలుగేళ్ళుగా నీళ్ళు వదిలే దిక్కు లేకపోయింది. రేపు పురోహితుడికి కబురు పంపుతాను."

"పన్నెండేళ్ళు ఆగమన్నారు కదండీ."

"అది తెలియనివాళ్ళకి."

ఇల్లు చేరేసరికి దీపాల వేళైంది. కామేశ్వరి గడపలోనే కూలబడి గాజుల మీద చెయ్యి వేసింది. ఆ కాస్త గలగలకే ముసలావిడ అటు తిరిగింది.

"ఇప్పుడే తియ్యకమ్మా. ఈ పూటకి ఉండనీ. లేచి నాకు అన్నం పెట్టు."

కామేశ్వరి లేచి విస్తరి వేసింది. అన్నం వడ్డించింది, పప్పు వడ్డించింది, మళ్ళీ అన్నం వడ్డించింది. వంగినప్పుడల్లా గాజులు మోగుతున్నాయి. ఎప్పుడూ రెండు ముద్దలకే చెయ్యి అడ్డం పెట్టే మనిషి విస్తరి ముందు తలవంచుకుని వింటూ కూర్చుంది. విస్తరి నిండిపోయినా చాలు అనలేదు. కామేశ్వరి వడ్డిస్తూనే ఉంది.