శశికళ పెట్టిన పంచాయితి

చిట్యాలలో మొగుడూ పెళ్లాల తగవు ఏదైనా వెంకట్రాం అరుగు మీదే తెగేది. ఆయన తీర్పు చెప్తుంటే, భార్య శశికళ పెద్దమనుషులకు చాయ్ అందించేది. ముప్పై ఏళ్లు అందించింది. ఆయన పోయి ఆరేళ్లయినా ఆమె నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టనిదే ఏ తగవూ తెగదని ఆమె లెక్క. ఆ లెక్కే మంగళవారం నాడు కన్నకూతురి ప్రాణం మీదికి తెచ్చింది.

కూతురు సింధు మూడు నెలల కింద రెండు పక్కటెముకలు విరిగి పుట్టింటికొచ్చింది. విరగ్గొట్టిన ఘనుడు మొగుడు రాజేశ్. పురుగుమందుల దుకాణం నడుపుతాడు, ఊరందరితో నవ్వుతూ మాట్లాడతాడు. సింధు ఇప్పుడు వారం వారం భూపాలపల్లి వచ్చి, జిరాక్స్ దుకాణం పై గదిలో కౌన్సెలింగ్ చేసే యాస్మిన్‌తో మాట్లాడుతోంది. మొదటి రెండు వారాలు ఏడుపుతోనే సరిపోయింది. ఏడో వారానికి విడాకులన్న మాట గొంతు దాటింది. ఆ మాట మీద నిలబడాలంటే తల్లి ఇల్లు తప్ప ఆమెకు వేరే దిక్కు లేదు. తల్లేమో, వరికోతలవ్వగానే అత్తగారింట్లో దింపి వస్తానంటోంది. యాస్మిన్ చెప్తేనైనా వింటుందేమోనని ఆ మంగళవారం సింధు తల్లిని ఆ గదికి వెంటబెట్టుకొచ్చింది.

యాస్మిన్ మాట మొదలుపెట్టకముందే తలుపు దభీమని తెరుచుకుంది. ఎదురుగా రాజేశ్.

"నడువ్ ఇంటికి."

సింధు కుర్చీ తోసుకుని లేచింది. "నేనీడ ఉన్ననని నీకెవలు చెప్పిన్రు?"

"నేనే పిలిచిన బిడ్డా," అంది శశికళ, ఏదో ఘనకార్యం చేసినట్టు. "ఇద్దరు లేకుంట పంచాయితి ఎట్ల ఐతది? జర నిమ్మలంగ కూసో అల్లుడా."

అల్లుడు కూర్చోడానికి రాలేదు. సింధు జడ చేతికి చుట్టుకుని, ఆమె నుదుటిని ఇనుప బీరువాకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. యాస్మిన్ అడ్డం వస్తే ముఖం మీద గుద్దాడు. ఆమె ముక్కు పగిలి బల్ల మీది కాగితాలన్నీ రక్తమయ్యాయి.

"మా సంసారంల నీ పెత్తనమేందే?" అంటూ ఆమె కడుపులో తన్నాడు.

రక్తం సింధు కంట్లోకి కారుతోంది. భయపడాల్సిన సమయంలో ఆమెకు కోపం వచ్చింది. అది కూడా వాడి మీద కంటే తల్లి మీద ఎక్కువ వచ్చింది. ఆ కసితోనే వాడి ముంజేయి కొరికి, కండ తెగేదాకా వదల్లేదు.

"సంపుతె సంపు. నీ ఇంటికి మాత్రం రాను."

వాడు రెండు చేతులా ఆమె గొంతు పిసికాడు. సింధు కళ్లు తేలేసింది.

"ఇడువ్ అల్లుడా, నీ కాళ్లు మొక్కుత, సచ్చిపోతది!" అని శశికళ బతిమాలింది. వాడు తలైనా తిప్పలేదు. అప్పుడు శశికళ ఇనుప స్టూలు ఎత్తి వాడి మోకాలి వెనక ఒక్కటి వేసింది. వాడు కూలబడ్డాడు. భుజం మీద వేసింది. ఎముక పటుక్కుమంది. అయినా ఆగలేదు. కింద దుకాణంవాళ్లు పరుగెత్తుకొచ్చి స్టూలు లాక్కున్నారు గానీ, లేకపోతే వాణ్ని దవాఖానకు కాదు, సరాసరి కాటికే మోసేవాళ్లు.

పోలీసులు వాణ్ని తీసుకుపోతుంటే శశికళ అడక్కుండానే ఎస్సైకి చెప్పింది. "నా బిడ్డ నా ఇంట్లనే ఉంటది. రాసుకో సారూ."

సింధు గోడకానుకుని, తల్లి వైపు చూడకుండా కూర్చుంది. ఒక్క మాటతో క్షమించేసే ఉద్దేశం ఆమెకు ఏ కోశానా లేదు.

శశికళ యాస్మిన్ ముందుకెళ్లి ఎడమ చెయ్యి చాపింది. మోచేతి కింద ఎముక వంకరగా అతుక్కుని ఉంది. బావి దగ్గర జారిపడి విరిగిందని సింధు చిన్నప్పటి నుంచి విన్న చెయ్యి అది.

"ఊరోళ్ల పంచాయితులన్ని మా ఆయననే తెంపిండు మేడం. గీ చెయ్యి ఇరిచింది సుత ఆయననే. తీర్పు చెప్పెటోడే ఆయనాయె, నేనెవలకు చెప్పాలె? ఆయన సచ్చి ఆరేండ్లయింది. సచ్చినోని మీద సుత చెప్పుకోవచ్చునా?"

యాస్మిన్ ముక్కు మీద గుడ్డ అదుముకునే తలూపింది. సింధు గోడ పట్టుకుని లేచి, పడిపోయిన కుర్చీ ఎత్తి తల్లికి వేసింది.