మీగడ కట్టిన రక్తం

సత్యప్రసాద్ బావని నేను క్షమించను, మురమళ్ళలో పెళ్లి భోజనాల దగ్గర బంతి బంతంతా వింటుండగా, ఏరా మాణిక్యం, మా మనవరాలికి కూడు పెడతన్నావా, వాసన చూపించి లేపేస్తన్నావా అన్నాడు, పప్పు వడ్డించే మనిషి గరిటె పట్టుకుని మరీ నవ్వాడు, ఆరేళ్లయినా ఆ నవ్వు నా చెవిలోంచి పోలేదు, ఇప్పుడు ఆ మురమళ్ళే దాటుతోంది మా బస్సు, కాకినాడ ఆసుపత్రి నుంచి అమలాపురం వెళ్తున్నాం, కిటికీ పక్కన నా కూతురు అక్షయ, పదకొండేళ్లది, కమ్మీ పట్టుకున్న చేతి మీద నరాలు కొబ్బరి తాళ్లలా లేచి ఉన్నాయి, రోజుకి వెయ్యి కొబ్బరికాయలు ఒలిచే నా చేతికీ అంత కండ కనపడదు, బుగ్గలు లేవు, పొట్ట మాత్రం ముందుకొచ్చింది, మెడ చుట్టూ ఎంత రుద్దినా పోని నలుపు, పుట్టిన దగ్గర్నుంచీ ఆకలే, తిని చెయ్యి కడుక్కుని మళ్లీ గిన్నె వంక చూస్తుంది, అలా చూస్తుంటే పెట్టకుండా ఎలా ఉంటాను, పెట్టాను, బావ ఆ మాట అన్న నెల్లోనే రెండు పాడిగేదెల్ని కట్టేసి పెట్టాను, పొద్దున్నే వెన్నముద్ద, మధ్యాహ్నం అన్నం మునిగేలా నెయ్యి, లావణ్య నాకు పెళ్లామే గాని మా అక్కకీ ఈ బావకీ పుట్టిన కూతురు, అందుకని మావయ్యా అనే పిలుస్తుంది, ఇంక చాలు మావయ్యా, దానికి కడుపులో నొప్పంట అంటే, నువ్వూరుకో, మీ నాన్న వచ్చేసరికి దీనికి బుగ్గలు రావాలి అన్నాను.

పొద్దున రక్తం తీసి గొట్టంలో నిలబెట్టారు, కాసేపటికి ఎరుపు అడుక్కి దిగి పైన తెల్లగా మీగడ కట్టింది, మా ఇంట్లో పాలగిన్నె మీద కట్టినట్టే, ఇదేంటమ్మా పాలు గాని కలిసేయా అని అడిగితే నర్సమ్మ నవ్వలేదు, ఆ గొట్టం పట్టుకెళ్లి డాక్టరు స్టెల్లా గారికి చూపించింది, ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణని ఆవిడ నెమ్మదిగా చెప్పారు, కొవ్వు దాచుకునే కణాలు ముందే తయారై ఉండవండీ, లేత కణాలు అలా మారాలి, మారమని వాటికి కబురు అందాలి, ఆ కబురు మోసేవి కూడా కొవ్వుతో తయారైన చిన్న చిన్న అణువులే, ఒకటి ఆగమంటుంది, ఇంకొకటి కానిమ్మంటుంది, మీ పాప ఒంట్లో మొదటిదాన్ని రెండోదానిగా మార్చే పని జరగటం లేదు, అందుకని ఆ కణాలే తయారవలేదు, తిన్న కొవ్వు రక్తంలో తిరిగి తిరిగి లివర్లో పేరుకుపోతోంది, నాకు వెంటనే అర్థమైంది, రాశి పోసుకునే చోటు లేని దొడ్లో లారీల మీద లారీలు కాయ దింపితే దారికి అడ్డంగా పడక ఏమవుతుంది, ఇంతకీ మీది మేనరికమా అన్నారు, ఆయ్, అక్క కూతురండీ అన్నాను, తల్లి నుంచి ఒక లోపం, తండ్రి నుంచి అదే లోపం, రెండూ కలిస్తేనే ఈ జబ్బు అన్నారు, నాకు ప్రాణం లేచొచ్చింది, దొరికాడు బావ, అతని కూతురి వైపు నుంచి కూడా వచ్చిందన్నమాట, ఫోన్లో దులిపేద్దాం అనుకుంటుంటే ఆవిడ కాగితం మీద గీత గీసి, లావణ్య గారికి ఇది మీ అక్కగారి నుంచే వచ్చుంటుందండీ, మీ అక్కగారికీ మీకూ మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి, మీ మావగారికి ఇందులో వాటా ఉండకపోవచ్చు అన్నారు, ఉండదు, ఎలా ఉంటుంది, ఈ పెళ్లే వద్దన్నాడు బావ, చదువుకున్న సంబంధం చూస్తానన్నాడు, గుమ్మంలో కూర్చుని పట్టుబట్టింది నేను.

ముమ్మిడివరంలో బస్సు ఆగింది, కిటికీలోంచి బజ్జీల వాసన, నాన్నా ఆకలేస్తోంది అంది, వద్దమ్మా, ఇంటికెళ్లేక వెన్న తీసిన మజ్జిగన్నం తిందువుగాని, డాక్టరమ్మ నూనె, నెయ్యి ముట్టుకోవద్దన్నారు కదా అన్నాను, పదకొండేళ్లలో దానికి తిండి దగ్గర వద్దనటం ఇదే మొదలు, నా మొహంలోకి చూసి, నేనేం తప్పు చేసేను నాన్నా అంది, అప్పుడే ఫోను మోగింది, బావే, పిల్లకెలా ఉందిరా అన్నాడు, గొంతులో ఎకసెక్కం లేదు, ముసలితనం ఉంది, ఆరేళ్లుగా దాచుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, పెట్టక కాదు బావా, పెట్టడం వల్ల అన్నాను.

జబ్బు రావటం ఎవరి చేతుల్లోనూ లేదు, ముద్ద కలిపిన చెయ్యి మాత్రం నాది, కడుపునొప్పి అని అది మొహం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని నోట్లో పెట్టినప్పుడు నాకు కనపడింది బిడ్డ మొహం కాదు, ఆ పెళ్లి బంతి, నా పంతానికి పిల్లకి తిండి పెట్టాను, ఆ గేదెలు ఊరికే రాలేదు, కాలవ పక్క మా నాన్న ఇచ్చిన తోట, పదకొండు కాపు చెట్లు, అమ్మేసి కొన్నాను, ఆ తోటనే కాచి, నెయ్యి చేసి, నా చేత్తోనే నా కూతురి లివర్లోకి దింపాను, పద్నాలుగు సెంట్లు.