కీ.శే. పద్మనాభయ్య గారి కుమార్తె

నెల్లూరులో పెళ్లిపత్రికలు అచ్చేసే ప్రెస్సులో తహీర్ కంప్యూటర్ పని చూస్తాడు. పెళ్లివాళ్లు ఆన్‌లైన్‌లో నింపిన వివరాలు ఒక్కొక్కటీ ఒక్కో ట్యాగులో, అంటే పేరు రాసిన గడిలాంటి దాంట్లో, ఇన్‌పుట్‌గా వస్తాయి. అతను రాసిన ఎక్స్ఎస్ఎల్‌టి స్టైల్‌షీట్ అనే ప్రోగ్రాం వాటిని పత్రికగా మార్చి అవుట్‌పుట్ ఇస్తుంది. ఇక ప్రూఫు చూడడం దండగని అతని ధీమా. ఆ ధీమానే కొంప ముంచింది.

ఇన్‌పుట్‌లో 'కీర్తిశేషులు' అనే ట్యాగు ఉంటే తండ్రి పేరు ముందు కీ.శే. చేర్చమని రాశాడు మహానుభావుడు. ట్యాగు ఉందా లేదా అన్నదే చూడమన్నాడు గాని, అందులో ఏముందో చూడమనలేదు. పెళ్లికూతురు బిందు అక్కడ 'కాదు' అని నింపింది. ట్యాగు ఉంది కదా! కోట అనే ఊళ్లో తన రొయ్యల చెరువు గట్టున నిక్షేపంగా తిరుగుతున్న పద్మనాభయ్య పత్రికలో కీర్తిశేషుడైపోయాడు.

ఇంకో ఇంట్లో అయితే నవ్వి ఊరుకునేవారేమో. బిందు తనకు నచ్చినవాణ్ని చేసుకుంటానన్నప్పుడు "నాయన చచ్చినాడనుకో" అని అరిచిన మనిషి పద్మనాభయ్య. ఈమధ్యే మెత్తబడి, పెళ్లికొస్తానన్నాడు. అంతలో ఈ పత్రిక చేతికందింది.

"నేనే అట్టా రాయించినాననుకుంటున్నాడన్నా. ఫోన్ ఎత్తడంలా," అని బిందు ప్రెస్సుకొచ్చి ఏడ్చింది. తహీర్ ఆ పూటే బండి తీసుకుని కోటకు బయలుదేరాడు. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

చెరువు గట్టు మీదే పద్మనాభయ్య దొరికాడు. తహీర్ చేతులు కట్టుకుని జరిగిందంతా చెప్పాడు.

"లోపలేముందో చూడకుండానే అచ్చేసినావా అబ్బయా?"

"అవును సార్. బిందు 'కాదు' అనే రాసింది. తప్పంతా నాదే."

పద్మనాభయ్య జేబులోంచి పత్రిక తీసి మరోసారి చూశాడు. తిట్టినా బాగుండునని తహీర్‌కు అనిపించింది.

"నేను మాత్రం ఏం చూసినా? ఇదేందమ్మా అని పిల్లను ఒక్క మాట అడగలా," అన్నాడు పద్మనాభయ్య. "నువ్వే ఫోన్ కలుపు. నాకు మొగం చెల్లడంలా."

తహీర్ కలిపాడు. "అన్నా, నాయనేమన్నాడు?" అంది బిందు ఆత్రంగా.

పద్మనాభయ్య ఫోన్ లాక్కున్నాడు.

"బతికే ఉండానమ్మా," అన్నాడు.