చల్లారని రొట్టె

ఈజిప్టులో, మిన్యా ఊళ్ళో రైలుకట్ట పక్క సందులో తెల్లారడమంటే ఉస్తా గిర్గిస్ బేకరీ ముందు వరస కట్టడమే. కిటికీలోంచి రేషన్ కార్డు అందిస్తే మిషన్ కీచుమంటుంది, ఆ ఇంటికి రావలసిన రొట్టెలు పొగలు కక్కుతూ బయటికొస్తాయి. వాటిని వెంటనే సంచిలో వేసుకునేవాడు వట్టి వెర్రివాడు, ఆవిరికి చెమర్చి ముద్దయిపోతాయి. అందుకే అందరూ ఖర్జూర మట్టల తడికల మీదో, ఎవరిదో ఆగి ఉన్న కారు బానెట్ మీదో వాటిని పరిచి, అట్టముక్కలతో విసురుతూ, ఊళ్ళో వాళ్ళందరి గురించీ చెప్పుకుంటూ నిలబడతారు.

మా సందులో తనది కాని రొట్టె చల్లారదు. ఎంత విసిరినా అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు కాలుతూనే ఉంటుంది. అప్పుడు "రొట్టె వేడిగా ఉందర్రా! ఎవరిది?" అని కేకేసుకుంటూ గడప గడపకూ తిరగాలి. అసలు మనిషి వట్టి చేత్తో ముట్టుకోగానే చల్లబడుతుంది. ఏ ఇంట్లో చెప్పకుండా చుట్టాలు దిగారో, ఏ ముసలాయన జ్వరంతో వరసకి రాలేకపోయాడో మాకు అలాగే తెలిసేది. దానికి ఆశ్చర్యపోయే తీరిక ఎవరికీ లేదు.

అయితే ఆ చలికాలం ఒక చిక్కొచ్చిపడింది. రోజూ ఎవరో ఒకరి రొట్టె వేడిగా ఉండిపోతోంది, సందంతా తిరిగినా దాని మనిషి దొరకడం లేదు. అందరికంటే ఎక్కువ తిరిగింది మక్కా వెళ్ళొచ్చిన పెద్దావిడ హజ్జా బహానా. ఆవిడ మోకాళ్ళకి నొప్పులున్నాయి గానీ గొంతుకి ఏ జబ్బూ లేదు.

ఆ దొరకని మనిషి ఇన్సాఫ్. మొగుడు లిబియా వెళ్ళాడు, పైసా పంపలేదు, కబురూ లేదు. విదేశంలో సంపాదించే మగాడున్న ఇల్లని సర్కారు వాళ్ళు కార్డులోంచి ఆమె పేరూ పిల్లల పేర్లూ కొట్టేశారు. సరఫరా ఆఫీసుకి వెళ్తే, కిటికీ అవతల కూర్చునే గుమాస్తా ఉస్తాజ్ షౌకీ తలెత్తకుండానే, "వాడు డబ్బు పంపడం లేదని రుజువు పట్రా" అన్నాడు. రానిదానికి రుజువు ఎక్కడ దొరుకుతుంది? ఆమె గుమ్మం దిగి వచ్చేసింది. సందులో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. పౌరుషం అలాంటిది. బహానా వేడి రొట్టె తెచ్చినప్పుడల్లా ఇన్సాఫ్ చేతికి శాలువా కొంగు చుట్టుకుని ముట్టుకునేది. రొట్టె చల్లారేది కాదు.

"మాది కాదు హజ్జా. అసలు మాకు రొట్టె పడటం లేదు, కడుపుబ్బరం."

"ఇంటిల్లిపాదికీనా?" అని గొణుక్కుంటూ బహానా పక్కింటికి పోయేది.

కార్డులో పేర్లు ఎక్కించుకునే అర్జీలకి ఆఖరి రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం సరఫరా ఆఫీసు కిటికీ మూస్తే మళ్ళీ తెరిచేది ఎప్పుడో ఎవరికీ తెలియదు. ఇన్సాఫ్ అప్పటికే ఆశ వదిలేసుకుంది. పెద్దపిల్ల జుబేదాని కైరోలో ఒక ఆసామి ఇంట్లో గిన్నెలు తోమడానికి మాట్లాడింది. మర్నాటి రైలుకి మూట కట్టేసింది. బడిసంచీ మేకుకి వేలాడుతుంటే అటు చూడకుండా తిరిగింది.

ఆ పొద్దున బేకరీ ముందు ఒక్కరి రొట్టె కూడా చల్లారలేదు.

ముందు నవ్వులాటగానే ఉంది. కాసేపటికి కారు బానెట్ కాలిపోతోందని దాని యజమాని లబలబలాడాడు. జనం రొట్టెల్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకుంటూ గంతులు వేశారు. ఆడవాళ్ళు కొంగుల్లో, మగవాళ్ళు టోపీల్లో పట్టుకున్నారు. వరసలో నిలబడ్డ ఉస్తాజ్ షౌకీ ఆఫీసుకి టైమవుతోందని తన రొట్టెలు కాగితంలో చుట్టాడు. కాగితం మాడింది.

"గిర్గిస్! పిండిలో ఏం కలిపావయ్యా?"

"ఉప్పు కలిపాను ఉస్తాజ్, నువ్వు తినే ఉప్పే," అన్నాడు గిర్గిస్.

ఎందుకిలా అని ఎవరూ అడగలేదు. ఎవరివి అని మాత్రమే అడిగారు. బహానా ముందు నడిచింది, వెనకాల సందంతా. తలుపులు తట్టుకుంటూ, కేకలేసుకుంటూ, పెళ్ళి ఊరేగింపులా కదిలారు. ఇన్సాఫ్ ఇంటి ముందుకొచ్చేసరికి ఆమె శాలువా వెతుక్కుంటోంది. ఈలోపు జుబేదా తలుపు తీసింది. బహానా చేతిలోని రొట్టెని వట్టి చేత్తో అందుకుంది.

రొట్టె చల్లబడింది.

సందంతా ఒక్కసారిగా హోరెత్తింది. పక్కవాడు తనది ఇచ్చాడు, అదీ చల్లబడింది. చిన్నవాళ్ళిద్దరూ దూసుకొచ్చి చేతులు చాచారు. ఇన్సాఫ్ ఏడుస్తూ అడ్డుపడింది. "నేను ముష్టెత్తుకోను! తీసుకుపోండి!"

"ముష్టి ఎవరేస్తున్నారే పిచ్చిదానా?" బహానా గయ్యిమంది. "ఇది నీదే. ఇన్నాళ్ళూ శాలువా చుట్టుకుని నన్ను ఊరంతా తిప్పావు! నీది నువ్వు పట్టుకుంటే గానీ నాది చల్లారదు, నాది చల్లారితే గానీ నేను తినలేను. చిక్కుడుగింజల ఫూల్ గిన్నె పొయ్యి మీద చిక్కబడిపోతోంది. పట్టుకో ముందు!"

ఇన్సాఫ్ పట్టుకుంది. అలా మధ్యాహ్నం కావొచ్చేసరికి అందరివీ చల్లారాయి, ఒక్క షౌకీవి తప్ప. ఆమె రెండు చేతులతో పట్టుకున్నా అవి కాలుతూనే ఉన్నాయి. అతను ఆమె మొహం అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాడు. తన కిటికీ ముందుకొచ్చిన మనిషేనని గుర్తొచ్చింది.

"రుజువు కావాలన్నారు," అంది ఇన్సాఫ్.

"ఇదిగో రుజువు!" బహానా సందు వైపు చెయ్యి చాపింది. "వాడు దమ్మిడీ పంపలేదని మేమందరం చెబుతాం. సరిపోతామా, ఇంకా ఎక్కువమంది కావాలా?"

"సరిపోతారు," షౌకీ చేతులు ఊదుకుంటూ అన్నాడు. "ఇరుగుపొరుగు సాక్ష్యం చెల్లుతుంది. అప్పుడే చెప్పాల్సింది. నడవండి, కిటికీ మూసేస్తారు!"

ఇక చూడాలి ఆ పరుగు! మోకాళ్ళ నొప్పుల బహానా అందరికంటే ముందుంది. గిర్గిస్ పిండి చేతులతోనే వచ్చాడు. రైలుగేటు పడితే గూడ్సు బండిని నోటికొచ్చినట్టు తిట్టారు. ఆఫీసు బంట్రోతు కిటికీ రెక్క సగం మూస్తుండగా షౌకీ భుజం అడ్డం పెట్టాడు. తన బల్ల మీద రొట్టెలు పెట్టుకుని, చెమటలు కారుతుండగా ఇన్సాఫ్ పేరు, ముగ్గురు పిల్లల పేర్లు ఎక్కించాడు. చివరి పేరు పడ్డాక రొట్టె ముట్టుకుని చూశాడు. చల్లగా ఉంది. ఒక్క ముక్క తుంచుకుని అక్కడే తిన్నాడు. అతనికి అప్పటిదాకా ఆకలి సంగతే గుర్తులేదు.

ఇన్సాఫ్ ఇంటికెళ్ళి మూట విప్పేసింది.

కొత్త కార్డు వచ్చిన పొద్దున మిషన్ కీచుమంటే ఇన్సాఫ్‌కి వాయిద్యాలు మోగినట్టనిపించింది. తన రొట్టెలు తనే కారు బానెట్ మీద పరిచి, గర్వంగా విసిరింది. బడిసంచీతో జుబేదా పక్కనే నిలబడి ఒక్కోదాన్నీ ముట్టుకుంటోంది. ఒకదాని దగ్గర చటుక్కున వేళ్ళు వెనక్కి లాక్కుంది.

"అమ్మా, ఇది కాలుతోంది!"

ఇన్సాఫ్ కూడా తాకి చూసింది. కాలుతోంది. ఆమె మొహం వెలిగిపోయింది. ఎన్ని నెలలైందో తన దగ్గర ఇంకొకరి రొట్టె ఉండి!

"రొట్టె వేడిగా ఉందర్రా!" ఆ కేకకి రైలుకట్ట మీది పావురాలు లేచిపోయాయి. "ఎవరిది?"

సందులో ఎవరిదీ కాలేదు. ఆఖరికి సందు చివర మేడ మీది గదికి ఎక్కింది. నిన్ననే సూడాన్ నుంచి పిల్లలతో దిగినవాళ్ళున్నారక్కడ, వాళ్ళకి ఏ కార్డూ లేదు. తలుపు సందులోంచి ఒకామె బెదురుగా చూసింది.

"మాకేమీ వద్దమ్మా. తినేశాం," అంటూ చేతిని ముసుగు కొంగులో దాచుకుంది.

ఇన్సాఫ్ ఆ కొంగు పట్టుకుని మెల్లగా లాగింది.

"నువ్వు పట్టుకో చెల్లీ," అంది. "నాకు ఆకలేస్తోంది."