జానెడు కొస

నౌకాదళంలో పనిచేసే కొడుకు ఉమేష్ సముద్రంలో గల్లంతయ్యాడని ఫోన్ వచ్చినప్పుడు ఉచ్చీరప్ప ఎమ్మిగనూరు బడిలో నాలుగో తరగతికి భాగహారం చెబుతున్నాడు. బోర్డు మీది లెక్క పూర్తి చేసి, సుద్దముక్క పెట్టెలో పెట్టి, అప్పుడు బయటికి వచ్చాడు. ఫోన్‌లో అధికారి గొంతు చాలా మర్యాదగా ఉండింది. ఆ మర్యాదే ఆయనకు మొదట అనుమానం కలిగించింది.

తర్వాత ఉత్తరం వచ్చింది. తుపానులో చిక్కిన ఆరుగురు జాలర్లను నౌకాదళం కాపాడిందట. వాళ్లను ఓడ ఎక్కించి ఉమేష్ రబ్బరు పడవలో చివర్న మిగిలాడట. ఆ పడవను ఓడకు కట్టిన తాడు ఊడిందట. దేహం దొరకలేదు. తాడు ఎందుకు ఊడింది? ఎవరు కట్టారు? తాడు ఊడిందన్న వాక్యం కింద ఉచ్చీరప్ప ఎర్రసిరాతో గీత గీశాడు. ముప్పై ఏళ్లుగా పిల్లల సంజాయిషీలు చదివిన మనిషి. పొట్టి వాక్యం వెనక ఏదో దాగి ఉంటుందని ఆయనకు తెలుసు.

నలభై రోజులకు ఉమేష్ పెట్టె తీసుకుని ఖాదర్ వలి వచ్చాడు. ఆదోని వాడే. నౌకాదళంలో పెట్టీ ఆఫీసర్. ఉమేష్‌కు తాళ్ల పనీ పడవ పనీ నేర్పింది అతనే. ఆ రోజు పడవ బృందానికి పెద్దా అతనే.

"మా పక్కూరోన్నే ఏరి పంపినారే. నోరు మూయించేదానికా?" అన్నాడు ఉచ్చీరప్ప.

"ఎవురూ పంపలేదు సార్. లీవు పెట్టి నేనే వచ్చినా."

"లీవులో ఉండేవానికి యూనిఫాం ఎందుకు?"

"వాని పెట్టె తెస్తాండాను కదా సార్. మామూలు బట్టల్లో తెచ్చేదానికి మనసొప్పలే."

ఉచ్చీరప్ప భార్య హులిగమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "మావోడు ఆడ కడుపు నిండా తింటాండెనా అప్పా?"

"బాగా తింటాండె అమ్మా. ఫస్టు సముద్రం చూసినపుడు ఏమన్నాడో తెల్సునా? ఇన్ని నీళ్లు పెట్టుకుని, మా తుంగభద్ర కాలవకు రోంత ఇడిస్తే వీళ్ల సొమ్మేం పోతాది అన్యాడు!"

హులిగమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వించి మాట మారుస్తున్నాడని అనుకున్నాడు ఉచ్చీరప్ప.

పెట్టెలో బట్టల కింద ఒక చెక్క పలక ఉంది. శిక్షణలో నేర్చిన ముడులన్నీ వేసి, దాని మీద వరుసగా బిగించాడు ఉమేష్.

"ఇది రెండు తాళ్లు కలిపే ముడి సార్. మిగతా పిల్లోళ్లకు వారం పట్టె. ఈడు కండ్లు మూసుకుని ఏసె. యాడ నేర్చినావురా అంటే, మా ఇంట్లో పోగు తెగితే ఏసేది ఇదే అన్యాడు. పదికి పది ఏస్తిని."

ఉచ్చీరప్ప ఆ ముడిని వేలితో తడిమాడు. కొస జొన్నగింజంత మిగిల్చి, తక్కింది కోసేసి ఉంది.

"ఈ కొస ఎంతుండాల?"

ఖాదర్ వలి వేళ్లు చాచి పలక పక్కన ఆనించాడు. జానెడు.

"కొస పొట్టిగుంటే తడిసిన తాడు జారుతాది సార్. అందానికి కోసినాడనుకుని నేనడగలే. ఆ పొద్దు తాడు చాలక ఇంకోటి కలిపి కట్టింది ఉమేషే. ఎవురు కట్టినా పెద్దోడు చేత్తో పట్టి చూడాల. అది మా పద్ధతి. ఉమేష్ కట్టినాడంటే చాలులే అనుకుంటి. తప్పు నాదేనని విచారణలో రాసిచ్చినా. మీ మొగం చూసి చెప్పాలని వచ్చినా."

ఉచ్చీరప్ప మూలనున్న, బడి లేని పూట తాను నేసే మగ్గం వైపు చూడకుండా కూర్చున్నాడు. నేతలో ముడికి పొడుగు కొస ఉండి, అది పోగులు దూరే అచ్చులో తగులుకుంటే పక్క పోగులూ తెగుతాయి. ఎనిమిదేళ్ల ఉమేష్ కొస వదిలిన ప్రతిసారీ ఆయన స్కేలుతో వేళ్ల మీద కొట్టాడు. పిల్లవాడు మళ్లీ ఎప్పుడూ కొస వదల్లేదు.

"కొస కోసేది గూడా ఈడనే నేర్చినాడా సార్? విచారణోళ్లు అడుగుతాండారు."

"నాకేం తెల్సు? నేను బడి పంతుల్ని. మగ్గం పని నాకు రాదు."

గడపలో నిలబడ్డ హులిగమ్మ ఆయన వైపు చూసింది. 

ఖాదర్ వలి పలకకు సెల్యూట్ చేసి ఆదోని బస్సుకు వెళ్లిపోయాడు. విచారణ ఇంకా ముగియలేదు. ఆ ముడి వేయడం, కొస కోయడం నేర్పింది తానేనని ఉచ్చీరప్ప వాళ్లకు ఇంకా రాయలేదు.