గార్డు తీసిన డెమో

శుక్రవారం నుంచీ అక్సాకు కాలు ఒకచోట నిలవడం లేదు. అన్నం ముందు కూర్చున్న మనిషి మధ్యలో లేచిపోతుంది, లేచిన మనిషి ఫోను చూసుకుంటుంది, ఫోను పక్కన పడేసి వీధి గుమ్మంలోకి వెళ్ళి వ్యాను ఉందో లేదో చూసి వస్తుంది. వ్యాను ఎక్కడికి పోతుందండీ! మల్కాపురంలో వాళ్ళ సందు మొదట్లో, బూడిదరంగు ఒంటిమీద కంపెనీ పేరు రాయించుకుని, నిక్షేపంగా నిలబడే ఉంది.

"కాలు కాలిన పిల్లిలాగ ఏటే ఆ తిరుగుడు? ముందు కూడు తిను," అంది తల్లి జయమణి.

తినబుద్ధయితే కదా. డ్రిల్లింగు మిషన్లు, కటింగు మిషన్లు, గ్రైండర్లు చేసి సగం ప్రపంచానికి అమ్మే విదేశీ కంపెనీ అది. ఆ మిషన్లను వ్యానులో వేసుకుని, విశాఖలో షెడ్డు షెడ్డుకీ తిరిగి, పనివాళ్ళ ముందు తన చేత్తో నడిపి చూపించి అమ్మడం అక్సా ఉద్యోగం. ఆ పని చేసే ఆడపిల్ల ఊరు మొత్తానికి తనొక్కతే. శుక్రవారం మేనేజరు ఉదయ్‌కుమార్ పిలిచి, "ఈ నెలాఖరుకి కూడా టార్గెట్ రాకపోతే వ్యాను వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు అక్సా. నిన్ను ద్వారకా నగర్ ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెడతారు. జీతం అదే, పైగా ఏసీ," అన్నాడు. శుభవార్త చెప్పినట్టే చెప్పాడు మహానుభావుడు.

ఎవరిక్కావాలి ఆ ఏసీ! పొద్దున్నే పోర్టు రోడ్డు మీద లారీల మధ్య వ్యాను నడుపుకుంటూ పోవాలి. ఈ పిల్లేటి, మిషను నడిపీదేటి అని మొహమొహాలు చూసుకునే మగాళ్ళ ముందు ఇనప దూలాన్ని నిలువునా కోసి పక్కన పెట్టాలి. అక్సాకు కావలసింది అది. డిప్లొమా చదివింది అందుకే. ఫోను చెవికి తగిలించుకుని సాయంత్రందాకా కుర్చీలో కూర్చోవడమంటే ఆ పిల్లకి ఊపిరాడదు.

కంపెనీ చెడ్డదని కాదు సుమండీ. ప్రతి మీటింగూ భద్రత ప్రతిజ్ఞతోనే మొదలుపెడుతుంది. పొద్దున్నే ఫోనులో నవ్వు మొహం, ఏడుపు మొహం చూపించి ఈరోజు మీ మనసెలా ఉందని అడుగుతుంది. అక్సా రోజూ నవ్వు మొహమే నొక్కుతుంది. ఏడుపు మొహం నొక్కితే ఎవరో ఫోన్ చేసి తీరిగ్గా ఓదారుస్తారు, అదొక బాధ. ఆడవాళ్ళ కొలతలో సేఫ్టీ బూట్లు లేవంటే సముద్రాలు దాటించి తెప్పించి ఇచ్చింది కూడా. అవి వచ్చేలోగా మగవాళ్ళ బూట్లలో గుడ్డపీలికలు కుక్కుకుని తిరిగిందనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు ఆశంతా సింహాద్రి మీద. విజయనగరం వైపు పల్లెలో వ్యవసాయం వదిలేసి వచ్చి, రేకుల షెడ్డు వేసుకుని, ఓడల మరమ్మతులకు ఇనప పని చేసిపెట్టే కాంట్రాక్టరు ఆయన. షెడ్డులోని పాత మిషన్లన్నీ తీసేసి కొత్తవి కొంటానంటున్నాడు. ఆయనొక్కడు ఊఁ అంటే అక్సా గట్టెక్కినట్టే.

సోమవారం పొద్దున్న ఆ షెడ్డులో అక్సా బ్యాటరీ గ్రైండరుతో మందపాటి ఇనప ప్లేటు కోసి చూపించింది. పనివాళ్ళు చుట్టూ మూగారు. సింహాద్రి కోసిన అంచు వంగి చూసి తల ఊపాడు. తర్వాత పెట్టెలా ఉన్న ఒక ఇనప చట్రం దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఈ మూల లోపలికి ఎల్తాదేటమ్మా నీ మిషను?"

వెళ్ళదు. కోసే చక్రాన్ని సగం దాకా కప్పి ఒక రేకు ఉంటుంది, గార్డు అంటారు దాన్ని. అది మూలకు తగిలి ఆగిపోతుంది. ఒకవేళ చక్రం పగిలితే ముక్క మనిషి మొహం మీదికి రాకుండా అడ్డుకునేది ఆ రేకే.

"మూలలకి వేరే చిన్న మిషను ఉందండీ. అది కూడా తీసుకుంటే..."

"రెండేసి మిషన్లు కొనడానికి నానేటి షిప్‌యార్డునా? గార్డు తీసీసి సూపించమ్మా. మావోళ్ళంతా అలాగే సేత్తారు. ఆ తవిటయ్య ఒక్కడే, ఎన్నిసార్లు సెప్పినా గార్డు ఒగ్గడు. పిరికి సన్నాసి."

గోడవార నిలబడ్డ పెద్దాయన వినీ విననట్టు తన పాత గ్రైండరు తుడుచుకుంటున్నాడు. దానికి గార్డు ఉంది. పనివాళ్ళు అతన్ని చూసి నవ్వారు. ఆ నవ్వు అతనికి అలవాటులాగే ఉంది.

"కంపెనీ రూలు ఒప్పుకోదండీ. గార్డు తీసి చూపిస్తే నా ఉద్యోగం పోద్ది," అంది అక్సా.

"అయితే ఒప్పుకున్న కంపెనీ దగ్గరే కొంటానులే. నిన్న ఒకడొచ్చి తీసే సూపించినాడు."

అక్సా బయటికి వచ్చి ఉదయ్‌కుమార్‌కు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

"చూడు అక్సా, అక్కడున్నది నువ్వు. నేను లేను. నువ్వేం చేశావో నేను చూడలేదు. సాయంత్రానికి ఆర్డరు మాత్రం కావాలి నాకు," అని పెట్టేశాడు.

ఎంత శుభ్రంగా చేతులు దులుపుకున్నాడో చూశారా! అక్సాకు ఒళ్ళు మండిపోయింది. ఉదయ్‌కుమార్ మీద మండింది, సింహాద్రి మీద మండింది, అందరికంటే ఎక్కువ తనమీద తనకే మండింది. ఎందుకంటే లోపలికి వెళ్ళి ఏం చేయబోతుందో అప్పటికే తెలిసిపోయింది. వ్యాను చుట్టూ తిరిగింది. ఒక్కసారే కదా అనుకుంది. నాకు పని వచ్చు కదా, చెయ్యి వణకదు కదా అనుకుంది. అనుకున్నంతసేపూ పట్టలేదు, లోపలికి వెళ్ళి గార్డు ఊడదీసి, చక్రాన్ని మూలలోకి దించింది.

ఇనుము జుయ్యిమంటూ తెగింది. నిప్పురవ్వలు కళ్ళద్దాలకు కొట్టుకున్నాయి. "గట్టిపిల్లే రా," అన్నాడెవడో వెనక. నిజం చెప్పాలంటే ఆ మాటకు అక్సా ఛాతీ పొంగింది కూడా. సింహాద్రి అక్కడికక్కడే ఆర్డరు ఖాయం చేశాడు.

ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కడో విదేశంలో కూర్చున్న పెద్దమనిషి తెరమీద కనబడి, అక్సా పేరు నానా వంకర్లూ తిప్పి పలికి అభినందించాడు. వ్యాను ఆమెకే ఉండిపోయింది. మరి ఇకనయినా కుదురుగా ఉండాలి కదా. లేదు. దువ్వాడ వెళ్ళాల్సిన రోజున మలుపు దాటిపోయి ఎటో వెళ్ళిపోయింది. ఎవరయినా గ్రైండరు స్విచ్చి వేస్తే ఉలిక్కిపడుతోంది. పాపం, పని ఎక్కువై అలా ఉందని తల్లి అనుకుంది. అక్సా కూడా అలాగే అనుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే సింహాద్రి మిషన్లు వచ్చాయి. కంపెనీ పద్ధతి ఒకటుంది. మిషన్లు అమ్మిన మనిషే వెళ్ళి పనివాళ్ళకు వాడకం నేర్పాలి, అందరూ గార్డులతో నిలబడ్డ ఫోటో తీసి పంపాలి. అక్సా పెట్టెలు దించి, అందరినీ నిలబెట్టి, గొంతు సవరించుకుంది.

"మొదటి రూలు. గార్డు ఎప్పుడూ తీయకూడదు."

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. అక్సా మొహం వేడెక్కింది. వినబడనట్టు మిగతా రూళ్ళు గబగబా చెప్పేసింది. అంతలో తవిటయ్య పెట్టెలోంచి కొత్త మిషను తీసి, బ్యాటరీ తగిలించి, గార్డు ఊడదీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, చక్రం బిగించుకున్నాడు.

"బాబాయ్, మీరేటి తీసేత్తన్నారు? మీరు పెట్టుకునే చేస్తారు కదా," అంది అక్సా.

"ఎట్టుకునేవోడినమ్మా," అన్నాడు తవిటయ్య, ఏ కోపమూ లేకుండా. "మా అన్నియ్యకి సెక్రం ముక్క తగిలి కన్ను పోనాది. అప్పటినుంచీ నాకు బయ్యం. ఎవులెన్ని అన్నా గార్డు ఒగ్గలేదు. ఆరోజు నువ్వు తీసీసి సేసినావు కదా. సదూకున్న పిల్ల, కంపినీ మనిసి, ఆ పిల్లకి లేని బయ్యం నీకేటిరా అన్నారు మావోళ్ళు. నిజవే కదా అనిపించింది. నీ పున్నెమా అని బయ్యం పోయిందమ్మా."

తిట్టినా బాగుండేది. తవిటయ్య ఆమెకు నమస్కారం పెట్టినంత పనిచేసి, ప్లేటు మీదికి వంగి స్విచ్చి వేశాడు. తిరిగే చక్రానికి ఎదురుగా అతని మొహం. "ఆపండి బాబాయ్," అంటూ అక్సా వెళ్ళి, చక్రం ఆగేదాకా చూసి, మిషనులోంచి బ్యాటరీ లాగేసింది. తర్వాత పెట్టెల్లో ఉన్న బ్యాటరీలన్నీ ఏరి వ్యానులో వేసుకుంది.

"గార్డు పెట్టుకున్నోళ్ళకే బ్యాటరీ ఇస్తాను," అంది.

సింహాద్రి అడ్డం వచ్చాడు. "ఏటమ్మా, ఏసాలేత్తన్నావా? తీసీసి సూపించి నువ్వే అమ్మినావు. ఇప్పుడు ఎట్టుకోమంటన్నావు. అప్పుడు సెప్పింది అబద్దమా, ఇప్పుడు సెప్పింది అబద్దమా?"

"అప్పుడు నాకు మీ ఆర్డరు కావాలి. అందుకు తీసాను. అది తప్పు."

"అయితే ఆర్డరు కేన్సిలు. మీ మేనేజరుకి ఇప్పుడే ఫోన్ కొడతాను."

"కొట్టండి. నేను గార్డు తీసి చూపించానని కూడా చెప్పండి."

సింహాద్రి ఫోను చెవికి పెట్టుకుని అరుస్తూ షెడ్డు బయటికి నడిచాడు. తవిటయ్య బ్యాటరీ లేని మిషను పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆ మాట తెలిస్తే నీ ఉజ్జోగం ఉంటాదేటమ్మా?"

"ఉండదు బాబాయ్."

తవిటయ్య బల్ల మీది గార్డు తీసి మిషనుకు బిగించి, చెయ్యి చాపాడు. అక్సా వ్యానులోంచి ఒక బ్యాటరీ తెచ్చి ఆ చేతిలో పెట్టింది. మిగతావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు గానీ ఎవరూ కదల్లేదు.

అంతలోనే ఆమె ఫోను మోగింది.

"మతి పోయిందా అక్సా? ఆర్డరు వెనక్కి పంపేస్తానంటున్నాడు. గార్డు తీసి నువ్వే చూపించావని అందరికీ చెబుతానంటున్నాడు," అన్నాడు ఉదయ్‌కుమార్.

"నిజమే సార్. నేనే చెప్పమన్నాను."

"ఇంతకీ నీ మాట విని ఎంతమంది పెట్టుకున్నారు గార్డులు?"

"ఒక్కరు సార్."

"ఒక్క మనిషి కోసం వ్యాను పోగొట్టుకుంటావా, ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

తవిటయ్య మిషను మళ్ళీ మోత మొదలుపెట్టింది. గార్డు కింద నుంచి నిప్పురవ్వలు నేల మీదికి రాలుతున్నాయి. అక్సా ఆ మోతలో వినబడేలా గొంతు పెంచింది.

"ఈ షెడ్డులో మొదటినుంచీ గార్డు పెట్టుకునేది ఆయనొక్కడే సార్. తీయించింది నేను."