ఆదాము నుంచి నోవహు దాకా

మా మామగారు కెస్ బెయెనె. కెస్ అంటే మా యూదుల్లో పూజారి. మేం వదిలొచ్చిన గోండర్ కొండల్లో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెళ్లి చేసినా, దీవెన ఇచ్చినా ఆయనే. ఇజ్రాయెల్‌కు వచ్చి కిర్యత్ గాత్‌లో కాపురం పెట్టాక, ఆయన చేసే పెళ్లి ఇక్కడ చెల్లదన్నారు మతాధికారులు. ఆయన మా ప్రార్థనల భాష గీజులో చదివితే వినే చెవి లేదు. ఇక్కడివాళ్ల హీబ్రూ ఆయనకు రాదు.

అయినా ప్రతి శబ్బాతూ, అంటే శనివారం విశ్రాంతి దినాన, మొరాకో నుంచి వచ్చిన యూదుల మందిరానికి వెళ్లేవారు. మొదటి వారమే గుమ్మం దగ్గర మందిరం చూసుకునే ఆమ్రాం అడ్డుకున్నాడు.

"శబ్బాతు నాడు గొడుగు విప్పకూడదు పెద్దాయనా. గుడారం వేసినట్టు, పని చేసినట్టు లెక్క."

నేను ఆ మాట మామగారికి మా ఇంటి భాష అమ్హారిక్‌లో చెప్పాను. "మరి వానొస్తే?" అన్నారు మామగారు.

"తడవండి!"

మామగారు గొడుగు మడిచి నా చేతికిచ్చి లోపలికి నడిచారు.

శరదృతువు పండుగలు ముగిశాక సృష్టి కథ చదివే శబ్బాతు వచ్చింది. నేను పైన, ఆడవాళ్ల జాలీ వెనక కూర్చున్నాను. ఆ మందిరం గురువు రబ్బీ మఖ్లూఫ్ ధర్మశాస్త్రం రాసిన చర్మపు చుట్ట మీద వెండి పుల్ల ఆనించి చదువుతున్నాడు. మామగారు చివరి బల్ల మీద తల వంచుకుని ఉన్నారు. చదువు ఆదాము వంశం పేర్ల దగ్గరకు వచ్చింది.

"షేత్... ఎనోష్..."

మామగారి తల లేచింది.

"సేత్, హెనోస్," అన్నారు మెల్లగా, అవే పేర్లు గీజులో. తర్వాత గొంతు పెంచి, "కైనాన్!"

"ఉష్, తాతా!" అన్నారెవరో.

"ఆయన్ని ఆపకండి," అన్నాడు రబ్బీ, పుల్ల కదపకుండా. తర్వాతి పేరు చదివి ఆగాడు. మామగారు అందుకున్నారు. హనోఖ్ అంటే హెనోక్. లెమెఖ్ అంటే లామెక్. నోవహు పేరు ఇద్దరూ కలిసి పలికారు.

ప్రార్థన అయ్యాక రబ్బీ తానే చివరి బల్ల దగ్గరకు వచ్చాడు. నన్ను కిందికి పిలిచి నా చేత మామగారిని అడిగించాడు.

"మీకెవరు నేర్పారు?"

"మా నాన్న. ఆయనకు వాళ్ల నాన్న."

"ఆయనకు?"

మామగారు ఆ పేర్లున్న చుట్ట వైపు చెయ్యి చూపించారు. "వీళ్లే."

రబ్బీ ఆయన చెయ్యి తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

పెళ్లిళ్ల రూలు మారలేదు. మొరాకో వాళ్లబ్బాయితో మా ఆడపడుచు పెళ్లి రబ్బీయే జరిపించి, తానే సంతకం పెట్టాడు. కానీ చివరి దీవెనకు పక్కకు జరిగి, "కెస్, మీరు," అన్నాడు.

మామగారు గీజులో మొదలుపెట్టారు. మొరాకో చుట్టాలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ లేచి నిలబడ్డారు.